ఓబులేసు గారి షేరు

లాక్‌డౌన్లు ముగిసి ఐటీ కారిడార్‌లో ఆఫీసులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్న ఏడాది, వేసవి చివర్లో, మా బ్రోకరేజీ కంపెనీ నన్ను ముంబయి నుంచి హైదరాబాదుకి బదిలీ చేసింది. హోదా సీనియర్ వైస్ ప్రెసిడెంట్, రీసెర్చ్. వినడానికి గంభీరంగానే ఉంటుంది గానీ, మా రంగంలో వైస్ ప్రెసిడెంట్లు వీధికి నలుగురు దొరుకుతారు. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల టవరు పై అంతస్తుల్లో ఒకదాంట్లో. కిటికీలోంచి కిందికి చూస్తే పాత ఊరి డాబాల మీద ఆరేసిన బట్టలు, వాటి పక్కనే మలుపులో జనాన్ని కుక్కుకుంటున్న షేర్ ఆటోలు కనిపించేవి. రిటైరవడానికి ముందు నేను చేసిన చివరి పోస్టింగు అదే.

మా పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీల లెక్కలు చదవడం, వాటిని నడిపేవాళ్ళని కలవడం, రాబోయే రెండేళ్ళలో లాభం ఎంత రావచ్చో అంచనా కట్టడం, దాన్నిబట్టి షేరు ధర ఎక్కడిదాకా పోవచ్చో చెప్పడం. ఆ చివరి అంకెని టార్గెట్ ధర అంటారు. దాని పక్కన కొనండి, ఉంచుకోండి, అమ్మండి అని మూడింట్లో ఒక మాట రాస్తాం. 'ఉంచుకోండి' అంటే 'అమ్మండి' అని మర్యాదగా చెప్పడమేనని ఈ రంగంలో అందరికీ తెలుసు. ఈ రిపోర్టులు మ్యూచువల్ ఫండ్లకీ బీమా సంస్థలకీ వెళతాయి. ఒక కంపెనీ మీద మొదటి రిపోర్టు వేయడాన్ని కవరేజీ మొదలుపెట్టడం అంటాం. ఒకసారి మొదలుపెట్టామా, ఇక ప్రతి మూడు నెలలకీ, ఫలితాలు వచ్చిన వెంటనే, మంచో చెడో రాసి తీరాలి. కవర్ చేసే కంపెనీ షేరు మనం కొనుక్కోకూడదు. వంటవాడు విస్తట్లో చెయ్యి పెట్టకూడదన్నట్టే అనుకోండి.

వచ్చిన కొన్నాళ్ళకే ఓబులేసు గారి కంపెనీ నా కంటపడింది. రక్తపరీక్షలు చేసే యంత్రాలని ఆస్పత్రి కంప్యూటర్లతో కలిపే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. జిల్లా కేంద్రాల్లో, తాలూకా ఊళ్ళలో చిన్న చిన్న ల్యాబులే వాళ్ళ ఖాతాదారులు. మార్కెట్లో నమోదై కొన్నేళ్ళయినా దాని గురించి రాసిన నాథుడు లేడు. షేరు రోజంతా నిద్రపోయేది. ఎవరైనా నాలుగు షేర్లు అమ్మితే ఉలిక్కిపడి లేచి, మళ్ళీ పడుకునేది.

ఓబులేసు గారిది నంద్యాల వైపు. ఇంజనీరు. మాటలో నంద్యాల పోలేదు, పోవాలని ఆయన ప్రయత్నించినట్టూ కనిపించదు. మొదటి సమావేశానికి మాదాపూర్‌లో రెండంతస్తుల ఆఫీసు చూపించి, వెంటనే నన్ను కారెక్కించి మూసాపేట తీసుకెళ్ళారు. మెట్రో స్టేషన్ దగ్గర టైల్స్ షాపు మీద పెద్ద హాలు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలు, ఎక్కువమంది ఆడపిల్లలే, ఎక్కడెక్కడి ల్యాబు టెక్నీషియన్లతోనో మాట్లాడుతున్నారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్లో చెబుతోంది: "అన్నా, ఎన్కనున్న వైరు ఒక్కసారి పీకి మళ్ళ పెట్టు. జర గట్టిగ పెట్టు. ఆఁ, ఇప్పుడు చూడు, వచ్చిందా? వచ్చింది గద!"

ఓబులేసు గారు నా వైపు తిరిగి, "ఇదే సార్ మా కంపెనీ. మాదాపూర్లో ఉండేది బోర్డు మాత్రమే" అన్నారు.

నా రిపోర్టుకి ఆ హాలే మూలమయింది. అంతకన్నా చవకగా అమ్మే పోటీదారులు ఉన్నా ఏ ల్యాబూ ఓబులేసు గారిని వదిలి ఎందుకు పోవడం లేదో అక్కడ ఒక పూట కూర్చుంటే అర్థమవుతుంది. యంత్రం మొరాయించినప్పుడు తమ భాషలో పలికే మనిషి ఫోన్లో దొరుకుతాడు. లెక్కలు కూడా తేటగా ఉన్నాయి. ఆ లెక్కలు చూసేది మద్దిలేటి. హోదాకి చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసరే గానీ, కంపెనీలో అటెండరు దగ్గర్నుంచి ఓబులేసు గారి దాకా అందరికీ ఆయన మద్దిలేటే. ఆయనదీ ఓబులేసు గారి ఊరి పక్క ఊరే. కంపెనీకి టేబులూ కుర్చీ లేని రోజుల నుంచీ ఉన్న మనిషి. నేను అడిగిన ప్రతి అంకెకీ ఆయన ముందు తనలో తాను ఏదో గొణుక్కుని, తర్వాత సరైన జవాబు చెప్పేవాడు.

కవరేజీ మొదలుపెట్టాను. 'కొనండి' అన్నాను. ఆ పొద్దున మార్కెట్ తెరవగానే షేరు, ఎక్స్ఛేంజీ ఒక్కరోజులో పెరగనిచ్చే హద్దుదాకా పెరిగి, కొనేవాళ్ళే తప్ప అమ్మేవాళ్ళు లేక ఆగిపోయింది. మధ్యాహ్నం ఓబులేసు గారు ఫోను చేశారు. సంతోషం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"సార్, నిన్నటికీ ఈ పొద్దుకీ మా ఆఫీసులో మారిందేమీ లేదు. టీ మిషన్ చెడిపోయింది, అంతే. మరి రేటు ఎందుకు పెరిగింది సార్?"

నవ్వాను. అంతకు ముందు మీ కంపెనీ గురించి అడుగుదామంటే ఫండు మేనేజర్లకి మనిషి లేడని చెప్పాను. ఎవరూ కవర్ చేయని షేరుని కొనకూడదని చాలా సంస్థల్లో లోపలి నియమం ఉంటుంది. నా రిపోర్టు ఆ తలుపు తీసింది. కంపెనీ విలువ ఆ ఒక్క రోజులో పెరగలేదు, దాన్ని చూసే కళ్ళు పెరిగాయి. చిన్న కంపెనీల విషయంలో కొద్ది రోజుల ధరని కదిలించేది ఎక్కువగా ఇదే. ఆయన, "అంటే మేము బాగున్నామని కాదు, మీరు చూసినారని పెరిగింది" అన్నారు. సరిగ్గా అర్థం చేసుకున్నారు. మా దగ్గర చేరే ఎంబీయే కుర్రవాళ్ళకి ఈ సంగతి బుర్రకెక్కడానికి ఏడాది పట్టేది.

నాకు ఒళ్ళు కాస్త తేలిపోయిందని ఒప్పుకోవాలి. ఇంకో చిన్న బ్రోకరేజీ వాళ్ళు మా వెనకాలే మొదలుపెట్టి, వాళ్ళ విశ్లేషకుడు ఉద్యోగం మారగానే మానేశారు. దాంతో ఆ షేరుకి దిక్కూ మొక్కూ నేనే అయ్యాను. మూడు నెలలకోసారి ఫలితాల తర్వాత కంపెనీవాళ్ళు అందరితో కలిపి ఫోన్లో మాట్లాడే పద్ధతి ఉంది, దాన్ని కాన్‌కాల్ అంటారు. అందులో మొదటి ప్రశ్న, కంపెనీని ఎక్కువకాలంగా కవర్ చేస్తున్న విశ్లేషకుడికి వదిలేయడం ఆనవాయితీ. మిగతావాళ్ళు ఆ ప్రశ్న ఎలా ఉంది, గొంతు ఎలా ఉంది అని చెవులు రిక్కించి వింటారు. ఓబులేసు గారి కాన్‌కాల్‌లో మొదటి గొంతు ఎప్పుడూ నాదే.

ఏడాది గడిచాక ఒక సాయంత్రం మూసాపేట ఆఫీసు డాబా మీద నిలబడి ఓబులేసు గారు తన భయం చెప్పారు. కంపెనీ మొదలైన రోజుల్లో డబ్బు పెట్టిన పెట్టుబడి ఫండు ఒకటి ఉంది. దాని వాటా ఓబులేసు గారి వాటా కన్నా పెద్దది. ఆ ఫండుకి గడువు దగ్గరపడుతోంది, అంటే ఉన్నవన్నీ అమ్మేసి మూటాముల్లె సర్దుకోవాలి. ధర బాగున్నంతకాలం మార్కెట్లో కొంచెం కొంచెంగా, నలుగురికీ అమ్ముకుంటుంది, ఫరవాలేదు. ధర పడిపోయిందా, కంగారుపడి మొత్తం వాటాని ఎవరో ఒక పెద్ద కంపెనీ చేతిలో పెట్టేస్తుంది. పెద్ద కంపెనీ చేతికి పోతే ముందు మూతపడేది ఈ హాలే. "ఖర్చు అంటారు సార్ దీన్ని. చూసేవాళ్ళకి ఖర్చు మాదిరే కనిపిస్తాది" అన్నారు. కాబట్టి ఆయనకి షేరు ధర కావలసింది గొప్ప కోసం కాదు. కంపెనీ ఆయన చేతిలో ఉంటుందా, పోతుందా అన్నది దాని మీద ఆధారపడి ఉంది.

ఇక్కడ మా ఇంటి వ్యవహారం ఒకటి చెప్పాలి. మా సంస్థలోనే ఇంకో విభాగం ఉంది, మర్చంట్ బ్యాంకింగ్. కంపెనీల్ని కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ సలహాలిచ్చి బేరాలు కుదర్చడం వాళ్ళ పని. వాళ్ళకీ మాకూ మధ్య గోడ ఉందంటాం. నిజంగానే వాళ్ళది వేరే అంతస్తు, నా కార్డుతో వాళ్ళ తలుపు తెరుచుకోదు. బేరాల సంగతి ముందే తెలిసినవాడు రిపోర్టులు రాస్తే మార్కెట్‌ని మోసం చేసినట్టే కదా. అయితే అప్పుడప్పుడు వాళ్ళకి ఒక కంపెనీ గురించి విశ్లేషకుడి అభిప్రాయం కావలసి వస్తుంది. అప్పుడు అతన్ని పద్ధతి ప్రకారం గోడ దాటిస్తారు. దాటినవాడు, ఆ బేరం బయటపడేదాకా, ఆ కంపెనీ మీద ఒక్క అక్షరం రాయకూడదు, ఎందుకు రాయడం లేదో కూడా చెప్పకూడదు.

ఆ పద్ధతి సరిగా జరిగేలా చూసేది కాంప్లయన్స్ ఆఫీసరు. మా దగ్గర స్వరూప ఉండేది. వరంగల్ అమ్మాయి, లా చదివింది, నవ్వుతూనే తల తీసేసే రకం. ఒకరోజు నా గదికొచ్చి తలుపు వేసి నిలబడింది.

"సార్, ఒక ముచ్చట ఉన్నది. మీరు చూసే కంపెనీలల్ల ఒకటి. పేరు ముందుగాల చెప్పరాదు. పేరు విన్నంక ఇగ మీరు దాని మీద రాసుడు బంద్. వింటరా, వద్దంటరా మీ ఇష్టం. జర ఆలోచించుకోండ్రి."

పేరు తెలియకుండానే ఒప్పుకోవాలి. అదే నియమం. పేరు చెప్పి అడిగితే అప్పుడే చెప్పేసినట్టు అవుతుంది కదా. ఆ రోజుల్లో నేను కవర్ చేసే ఒక మందుల ప్యాకింగ్ కంపెనీ అమ్ముడుపోతోందని బజారంతా కోడై కూస్తోంది. అదేననుకున్నాను. గోడ దాటమని పిలవడం మా వాళ్ళలో గౌరవం కింద లెక్క. పై అంతస్తులోవాళ్ళకి నా అవసరం పడిందంటే ఎవరికి చేదు? సరేనని సంతకం పెట్టాను. అప్పుడు స్వరూప ఓబులేసు గారి కంపెనీ పేరు చెప్పింది.

కొనదలచుకున్నది బెంగళూరులోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ. మేము ఆ సంస్థకి సలహాదారులం. పెట్టుబడి ఫండుతో మాటలు నడుస్తున్నాయి గానీ, మార్కెట్లో ధర ఎక్కువగా ఉండడంతో ఫండు బెట్టు చేస్తోంది, వీళ్ళు వెనకాడుతున్నారు. నెల తిరిగేలోగా అటో ఇటో తేలిపోతుందన్నారు. నన్ను అడిగింది కంపెనీ బలం ఎక్కడ ఉందని. మూసాపేట హాలులో ఉందని చెప్పాను. దాన్ని ముట్టుకుంటే మిగిలేది బోర్డేనన్నాను. ఆ గదిలో ఉన్న బెంగళూరువాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. వచ్చినందుకు ఈ ఒక్క మంచి పనైనా చేశానని కిందికి దిగాను.

నెల తిరిగింది, తేలలేదు. బెంగళూరువాళ్ళు ఇంకొంచెం చూద్దామన్నారు. ఎందుకు చూద్దామన్నారో నాకు ఎవరూ చెప్పలేదు. ఈలోగా త్రైమాసిక ఫలితాలు వచ్చేశాయి.

ఫలితాలు బాగున్నాయి. అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. ఆదాయం పెరిగింది, లాభం పెరిగింది, రావలసిన బాకీలు తగ్గాయి. మామూలు రోజయితే సాయంత్రానికల్లా రిపోర్టు వేసి, టార్గెట్ ధర ఒక మెట్టు పెంచి, ఇంటికి పోయేవాణ్ణి. ఆరోజు నా కుర్చీలో కూర్చుని కాన్‌కాల్‌ని వినడానికి మాత్రమే అనుమతి తీసుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. ఓబులేసు గారు, మద్దిలేటి అంకెలన్నీ చదివారు. ప్రశ్నల సమయం వచ్చింది. ఆపరేటరు నా పేరు పిలవలేదు. లైను మీద నిశ్శబ్దం.

ఓబులేసు గారి గొంతు వినిపించింది. "మూర్తి గారు లైన్లో ఉండారా?"

ప్రశ్న అడిగేవాళ్ళ వరసలో ఆ పేరు లేదని ఆపరేటరు చెప్పింది. "ఒక్క నిమిషం చూద్దాం. ట్రాఫిక్కులో ఉంటారేమో" అన్నారాయన. ఆ నిమిషమంతా దేశంలోని ఫండు మేనేజర్లు కొందరు, నేను, ఓబులేసు గారు, మద్దిలేటి, అందరం నా మౌనాన్నే వింటూ కూర్చున్నాం. తర్వాత ముంబయి నుంచి ఎవరో మర్యాదకి ఒక ప్రశ్న అడిగారు. కాల్ తొందరగా ముగిసింది.

సాయంత్రం నుంచి నాకు ఫోన్లు. రిపోర్టు ఎప్పుడు వస్తుందని అడిగారు. వ్యాఖ్యానించలేనన్నాను, నియమం నాకిచ్చిన మాట అదొక్కటే. పాత పరిచయస్తుడైన ఒక ఫండు మేనేజరు, "అర్థమైందిలే" అని పెట్టేశాడు. ఏం అర్థమైందో మర్నాడు పొద్దున తెరమీద కనిపించింది. షేరు పడడం మొదలుపెట్టింది. వాట్సాప్ గ్రూపుల్లో కథలు అల్లుకున్నాయి. దాన్ని అందరికన్నా బాగా ఎరిగినవాడే కలం కింద పెట్టాడంటే లోపల ఏదో కుళ్ళు ఉందని, ఆడిటరు సంతకం పెట్టనన్నాడట అని, బాకీలు తగ్గినట్టు చూపించింది బొంకని. నేను 'అమ్మండి' అని రాసినా అంత పడేది కాదు. రాస్తే కారణం ఉంటుంది, కారణానికి ఒక అంచు ఉంటుంది. మౌనానికి అంచు లేదు, ఎవరికి తోచినంత వాళ్ళు నింపుకుంటారు.

స్వరూప దగ్గరికి పోయాను. కవరేజీ తాత్కాలికంగా ఆగింది, కంపెనీ మీద మా అభిప్రాయం మారలేదు అని ఒక్క వాక్యం వేద్దామన్నాను.

"గా వాక్యం గూడ చెప్పినట్టే అయితది సార్. కొంటున్నరని అందరికీ సమజైతది. తెలిసినోళ్ళు ముందుగాల కొంటరు, తెల్వనోళ్ళు మునుగుతరు. రేపు జైలుకు మీరు పోతరా, నన్ను పొమ్మంటరా?" అంది. తర్వాత కాస్త మెత్తబడి, "నాకు గూడ మంచిగ లేదు సార్" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఈనాటికీ ఆ వాదనలో నాకు లొసుగు దొరకలేదు.

ఓబులేసు గారు ఫోన్లు చేశారు, ఎత్తలేదు. చివరికి ఆఫీసుకే వచ్చేశారు. కింద రిసెప్షన్‌లో ఉన్నారని కబురొస్తే, పైకి రమ్మనే వీలులేక నేనే దిగాను. సోఫాలో కూర్చోకుండా నిలబడే ఉన్నారు. పలకరింపులేవీ లేవు.

"ఒక పేజీ రాయండి సార్. బాగుందని రాయొద్దు, బాగలేదనే రాయండి. ఏం బాగలేదో జనాలకి తెలుస్తాది. మేము జవాబు చెప్పుకుంటాం."

రాయలేనండి అన్నాను. ఎందుకన్నారు. చెప్పలేనన్నాను. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. గొంతు తగ్గించి అడిగారు.

"మా లెక్కల్లో ఏమన్నా కనపడిందా సార్ మీకు? నాకు తెలీకుండా మావాళ్ళెవరన్నా ఏమన్నా చేసినారా? మద్దిలేటి ఏమన్నా..."

తల అడ్డంగా ఊపాను. అందుకు కూడా నాకు హక్కు లేదు, అయినా ఊపాను. కానీ ఆయన ఒకదాని వెంట ఒకటి మూడు ప్రశ్నలు వేశారు. నేను కాదంటున్నానో, చెప్పలేనంటున్నానో ఆయనకి తెలిసే దారి లేదు. "సరే సార్" అని వెళ్ళిపోయారు. గాజు తలుపు దాటాక అటూ ఇటూ చూసి, తన కారు ఎటు పెట్టారో గుర్తురానట్టు కాసేపు నిలబడ్డారు.

తర్వాత జరిగినవి ఆయన డాబా మీద చెప్పినట్టే వరసగా జరిగాయి. ధర జారుతున్న కొద్దీ ఫండు బెట్టు సడలింది. గడువు ముంచుకొస్తుంటే మిగిలినది దక్కితే చాలనుకుంది. వాటా మొత్తం బెంగళూరువాళ్ళకి అమ్మింది. అంత పెద్ద వాటా కొన్నవాళ్ళు మిగతా చిన్న వాటాదారులకి కూడా కొంటామని చెప్పాలన్నది చట్టం. ఆ ధర కనీసం అంతకుముందు కొన్ని వారాల సగటుకి తగ్గకూడదు. ఆ కొన్ని వారాలూ నేను నోరు మూసుకున్న వారాలే, అందుకే సగటు వాళ్ళకి అనుకూలంగా వచ్చింది. ప్రకటన వెలువడిన పొద్దున దాని అడుగున సలహాదారులుగా మా సంస్థ పేరు అచ్చయింది. మూసాపేటలో ఆ ప్రకటన చదివినవాళ్ళు ఏమనుకుని ఉంటారో ఊహించడానికి తెలివితేటలు అక్కర్లేదు.

ఆరోజుతో నా నోటి కట్టు విప్పారు. మొదట ఓబులేసు గారికే ఫోను చేశాను. ఎత్తలేదు. మెసేజి పెట్టాను. చూసినట్టు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఏడాదిలోపే మూసాపేట హాలు ఖాళీ అయింది. ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు వచ్చింది. నేను చెప్పింది శ్రద్ధగా రాసుకున్నవాళ్ళే ఆ పని చేశారు. ఓబులేసు గారు డైరెక్టర్ల బోర్డు నుంచి తప్పుకున్నారు. నాకు ఆ ఏడు బోనస్ మామూలుగానే వచ్చింది.

రిటైరై తెల్లాపూర్‌లో స్థిరపడ్డాక ఈ సంగతి నన్ను నిద్రపోనివ్వలేదని అంటే అతిశయోక్తి అవుతుంది. నిద్ర పట్టేది. కానీ పొద్దున నడకలో ఎవరైనా షేర్ల కబుర్లెత్తితే ఆ రిసెప్షనే కళ్ళముందుకొచ్చేది. కిందటేడు ఒకరోజు ధైర్యం చేసి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. కూకట్‌పల్లి దాటాక ఒక షెడ్డులో ల్యాబు యంత్రాలు బాగుచేసే చిన్న పని పెట్టుకున్నారు. నన్ను చూడగానే ఒక కుర్చీ తుడిచి వేశారు. "రాండి సార్, కూచోండి. బాగుండారా?" అన్నారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

నేను సిద్ధం చేసుకున్నదంతా చెప్పాను. గోడ, పేరు తెలియకుండా పెట్టిన సంతకం, ప్యాకింగ్ కంపెనీ అనుకోవడం, స్వరూప చెప్పిన జవాబు. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"ఇదంతా తెలుసు సార్" అన్నారు. "ప్రకటన వచ్చిన పొద్దే మా లాయరు చెప్పినాడు, మిమ్మల్ని మాట్లాడనియ్యలేదని."

మరి ఫోను ఎందుకు ఎత్తలేదని అడిగాను. ఆయన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టారు.

"మీ మీద కోపంతో కాదు సార్. మీ ఆఫీసు నుంచి ఆ పొద్దు నేరుగా మాదాపూర్ పోయినా. మూర్తి గారే రాయనంటాండారంటే ఏదో ఉండాదనుకున్యా. బయట ఆడిటర్లను పిలిపించి, మద్దిలేటి గది తాళం వాళ్ళ చేతికిచ్చినా. వాడు ఎదురుగానే నిలబడుకోని చూస్తాండె. వారం రోజులు తవ్వినారు. ఒక్క రూపాయి తేడా రాల్యా. వచ్చుంటే బాగుండేది. వారం అయినంక వాడు నా టేబుల్ మీద తాళాలు పెట్టి పాయ. ఒక్క మాట అన్లేదు సార్ నన్ను. కంపెనీ పాయ, సరే, యాపారంలో పోతాయి. వాణ్ణి అనుమానించింది మీరు కాదు, మార్కెట్టూ కాదు. నేనే కదా. మీ నంబరు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తాండె. అందుకే ఎత్తల్యా."

మద్దిలేటి ఇప్పుడు ఎక్కడున్నారని అడిగాను. కర్నూలులో ఎవరి దగ్గరో లెక్కలు రాస్తున్నాడని విన్నానన్నారు. ఒకటి రెండుసార్లు వెళ్ళారట. ఇంట్లోకి పిలిచి, భోజనం పెట్టి పంపాడట గానీ, మళ్ళీ కలిసి పని చేద్దామన్న మాట వినగానే లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడట.

ఇన్నేళ్ళూ కుర్రవాళ్ళకి నేను ఒక పాఠం చెబుతూ వచ్చాను. కవరేజీ మొదలైతే చిన్న కంపెనీ షేరు పెరుగుతుంది, ఆగితే పడుతుంది. ఎందుకంటే బయటివాళ్ళకి లోపలి సంగతులు తెలియవు, రాసేవాడి కళ్ళతోనే చూస్తారు. అందుకే ఆ కదలిక కొద్ది రోజులది, నిజం బయటపడ్డాక ధర మళ్ళీ తన చోటికి వస్తుంది. ఈ పాఠం తప్పు కాదు, కానీ సగమే. ఓబులేసు గారు బయటివాడు కాదు. ఆ లెక్కలు రోజూ చూసిన మనిషి, మద్దిలేటిని నా కన్నా, ఏ ఆడిటరు కన్నా బాగా ఎరిగిన మనిషి. ఆయన కూడా తన కళ్ళ కన్నా పడుతున్న ధరనీ నా మౌనాన్నీ ఎక్కువ నమ్మారు. ధర మళ్ళీ పైకి రావచ్చు, ఆ వారం రోజుల్లో పోయినది తిరిగి రాలేదు.

నా ఉద్యోగజీవితంలో కొన్ని వందల రిపోర్టులు రాసి ఉంటాను. వాటిలో ఏదీ, రాయకుండా ఊరుకున్న ఆ ఒక్కదానంత పని చేయలేదు.